ఉత్త రింగులు

డెయిరీ ఫోనుకు సొంత పెట్టె ఉంచుకుందామా, క్లౌడుకు మారిపోదామా అని పెద్దవాళ్లు అడిగినప్పుడు కృపారాణి తొందరపడలేదు. బాగానే ఆలోచించింది. ఆలోచించకుండా చేసిందని ఆమెను అనే హక్కు ఎవరికీ లేదు. ఖర్చు గురించి ఆలోచించింది, వాన గురించి, కరెంటు గురించి, ఆఖరికి పసిబిడ్డతల్లి రూతు గురించి కూడా ఆలోచించింది. ఒక్క మునిరత్నమ్మ గురించే ఆలోచించలేదు. ఆ మరుపుకు ఐరాల దగ్గరి పల్లెలో మునిరత్నమ్మ ఆవు బలైపోయింది.

చిత్తూరులో ఆ డెయిరీ ఆఫీసు మిద్దె మీద ఒక గది ఉంది. అందులో అరడజను మంది ఆడపిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటారు. ఆవు మేత ముట్టకపోయినా, దూడ అడ్డం తిరిగినా, పొదుగు వాచినా పాలు పోసే రైతులు ఆ నంబరుకు చెప్పుకుంటారు, పశువుల డాక్టరు బండి బయల్దేరుతుంది. ఆ గదిని మొదలుపెట్టిందీ, ఇప్పటికీ నడిపేదీ కృపారాణే.

మొదట్లో ఆ నంబరుకు ఫోను చేసిన పాపాన ఎవరూ పోలేదు. ఫోనులో పది రూపాయల బ్యాలెన్సు ఉంటే దాన్ని పెళ్లికి దాచిన చీరలాగా దాచుకునే కాలం. కృపారాణికి ఆ సంగతి తెలుసు, ఆమె పుట్టిందీ అలాంటి ఇంట్లోనే. పల్లెపల్లెకూ తిరిగింది. రైతులు క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడితే వాళ్ల మధ్య నిలబడి గొంతు పోయేలా చెప్పింది.

"మీరు దుడ్లు పెట్టి మాట్లాడే పన్లేదు. ఒక్క రింగియ్యండి, కట్ చేసేయండి. మేమే చేస్తాం. రింగిచ్చినాక మాత్రం ఇంకెవురికీ చెయ్యొద్దండి. ఫోను ఖాళీగా చేతిలో పెట్టుకోని కూచోండి. మేం చేసేటప్పుడు బిజీ వచ్చిందంటే మీరు మాకు దొరకరు."

ఈ మాట ఎన్ని ఊళ్లలో చెప్పిందో ఆమెకే లెక్క లేదు. జనం విన్నారు. అలవాటు చేసుకున్నారు.

ఆఫీసులో మూలగదిలో, ఏసీ కింద, చిన్న బీరువా అంత ఫోను పెట్టె ఉండేది. బయటి లైన్లన్నీ దాంట్లోకి వచ్చి, అక్కడి నుంచి పిల్లల బల్లల మీది ఫోన్లకు పోయేవి. ఎవరైనా రింగిచ్చి కట్ చేస్తే బల్ల మీది ఫోనుకు ఎర్రలైటు వెలిగేది. తిరిగి చేసి మాట్లాడితేనే అది ఆరేది. ఆ గదికి కృపారాణి ఒక కట్టుబాటు పెట్టింది. ఎర్రలైటు ఆరేదాకా ఎవరూ టీ ముట్టకూడదు. తానైనా సరే. ఫ్లాస్కు వచ్చి చల్లారిపోతున్నా పిల్లలు ఫోన్లు తిప్పుతూనే ఉండేవాళ్లు. "అక్కా, నా లైటు ఆరిపోయింది, నాకు పొయ్యి!" అని ఒకరంటే, "ఉండవే, నాకు గుడిపాల ఆయన ఆవు కథ మొత్తం చెప్తా ఉండాడు" అని ఇంకొకరు మూలిగేవాళ్లు. నవ్వులతోనే అయినా ఆ కట్టుబాటు తప్పింది లేదు.

మునిరత్నమ్మ ఆ తొలిరోజుల మనిషే. మొగుడు పోయినాక ఒక్క ఆవును నమ్ముకుని బతుకుతోంది. నుదుట తెల్లమచ్చ ఉన్న జెర్సీ ఆవు, బొట్టావు అని పిలిచేది. మొదటిసారి ఫోను చేసినప్పుడు రింగిచ్చి ఆపకుండా తీరిగ్గా మాట్లాడేసింది. కృపారాణి ముద్దుగానే కసిరింది.

"నిన్ను రింగియ్యమంటి గదా పెద్దమ్మా, దుడ్లెందుకు తగలేసినావు?"

"మనిసి గొంతు వినబడినాక కట్ సేసేదానికి సెయ్యి రాలా పాపా."

ఆ తర్వాత ఎప్పుడూ ఆమె ఫోను ఒక్క రింగు దాటలేదు. కృపారాణి ఆ పక్క ఊళ్లకు పోతే మునిరత్నమ్మ ఇంట్లో ఆగకుండా రాదు. బొట్టావు పాలతో, చుక్క నీళ్లు కలపకుండా, గరిటె నిలబడేంత చిక్కటి టీ పెట్టిచ్చేది. గ్లాసు కింద పెడితే మళ్లీ పోసేది. "మీ డెయిరీకి పోసేదాంట్లోనే ఒక లోటా తగ్గిచ్చినాలే, నువ్వు తాగితే ఏం" అని నవ్వేది.

పెట్టెకు వయసు మీద పడింది. పిడుగు పడిన ప్రతిసారీ అందులో ఏదో ఒకటి కాలిపోయేది. పోయిన తుఫానుకు మూలగది కురిసి, ఫోన్లన్నీ మూగబోయాయి. పెట్టెను చూసుకునే మునస్వామి తిరుపతి నుంచి పరుగెత్తుకొచ్చి, సామాను కోసం మద్రాసు దాకా పోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. "అంగిట్లో నవ్వినారమ్మా. ఈ పెట్టెను మ్యూజియానికి ఇచ్చేయండి అన్నారు" అన్నాడు. కొత్త పెట్టె కొనడమో, క్లౌడుకు మారడమో తేల్చుకోవాల్సిన రోజు వచ్చింది. క్లౌడంటే మరేం లేదు, పెట్టె మన గదిలో ఉండదు. ఎక్కడో పెద్ద ఊళ్లో కంపెనీవాళ్ల యంత్రాలలో ఉంటుంది. మనకు కంప్యూటరు, ఇంటర్నెట్టు ఉంటే చాలు, నెలనెలా బాడుగ కట్టుకోవాలి. డెయిరీ చైర్మన్ ప్రసూనాంబ ఆ నిర్ణయాన్ని కృపారాణికే వదిలేసింది.

మునస్వామికి క్లౌడు నచ్చలేదు. "మబ్బులో ఫోనంట! సొంతిల్లు సొంతిల్లే, బాడుగిల్లు బాడుగిల్లేనమ్మా. సొంతింట్లో మేకు యాడ కొట్టినామో మనకు తెలుస్తాది."

"ఇల్లు కురస్తా ఉంటే సొంతమైతే ఏంది, బాడుగదైతే ఏంది అన్నా?" అంది కృపారాణి.

అతను నవ్వేశాడు.

కృపారాణి తిరుపతికి పోయి, క్లౌడు కంపెనీ ఆఫీసులో తేజస్విని అనే అమ్మాయి దగ్గర కూర్చుని అంతా చూసింది. చూసి ఖాయం చేసింది. నిజం చెప్పాలంటే మంచి పనే చేసింది. పుత్తూరులో బాలింతగా ఉన్న రూతు ఉద్యోగం మానేయాల్సిన పనిలేకుండా, బిడ్డను ఉయ్యాల్లో ఊపుతూ ఇంటి నుంచే ఫోన్లు ఎత్తింది. తర్వాతి తుఫానుకు చిత్తూరు వీధుల్లో నీళ్లు పారినా ఫోన్లు ఆగలేదు. పెట్టె ఉన్న మూలగదిని ఖాళీ చేసి పిల్లలు అన్నాలు తినే గది చేసుకున్నారు. మునస్వామి కూడా వచ్చి చూసి, "బాగుండాది లేమ్మా" అని ఒప్పుకున్నాడు.

గోడకు పెద్ద స్క్రీను పెట్టించారు. ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎన్ని ఎత్తారు, ఎన్ని ఎత్తకముందే పోయాయి, అన్నీ అందులో కనిపిస్తాయి. రింగిచ్చి కట్ చేసినవన్నీ "వదిలేసిన కాల్స్" అని ఎర్రగా పడేవి. బల్లల మీద లైట్లకు బదులు ఇప్పుడు గోడ మీద ఎరుపు, అంతే తేడా. పిల్లలు ఆ ఎరుపును చూసి తిరిగి చేస్తూనే ఉన్నారు, టీ కట్టుబాటు నడుస్తూనే ఉంది.

ఒకనాడు సాయంత్రం ప్రసూనాంబ మిద్దెక్కి వచ్చింది. మర్నాడు బ్యాంకువాళ్లు చూడ్డానికి వస్తున్నారు. స్క్రీను చూసి ఆమె మొహం మాడిపోయింది.

"ఏంది కృపా, ఇంత దుడ్డు పోసి పెట్టిస్తే అంతా ఎర్రగా ఉండాది? రైతులు ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదనుకుంటారు గదా వాళ్లు?"

అవి వదిలేసినవి కావు మేడం, రింగులు, మేం తిరిగి చేస్తాం, అది మా పద్ధతి. ఈ మాట కృపారాణి నోటిదాకా వచ్చింది. కానీ అద్దాల స్క్రీను ముందు నిలబడి, బ్యాలెన్సు లేని వాళ్ల రింగుల కథ చెప్పడానికి ఆమెకు ఎందుకో నామోషీ అనిపించింది. బ్యాంకువాళ్లు నవ్వుతారనిపించింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటినాక బోడి మల్లయ్య అని ఊరికే అన్నారా? ఆ రింగుల మీద నిలబడిన గది అది. ఆ రింగులకే సిగ్గుపడింది.

మేడం పోగానే తేజస్వినికి ఫోను చేసింది.

"రెండు రింగుల్లోపల కట్టయ్యేవి అసలు స్క్రీన్ మీదికే రాకుండా పెట్టేస్తానక్కా," అంది ఆ అమ్మాయి. "మా దగ్గర శానామంది అట్లే పెట్టుకుంటారు. పొరపాటున తగిలే కాల్సే గదా, మనుషులెవురూ ఉండరు వాటెనక?"

"ఎవురుంటారు, ఉత్త రింగులు. తీసేయ్" అంది కృపారాణి.

అయ్యో, ఎంత తేలిగ్గా వచ్చిందా మాట! ఒక్కరోజుకే కదా, బ్యాంకువాళ్లు పోగానే మళ్లీ పెట్టించుకుందాం అనుకుంది. నిజంగానే అనుకుంది. మర్నాడు వాళ్లు వచ్చారు, మెచ్చుకున్నారు, ఆకుపచ్చగా మెరుస్తున్న స్క్రీను ముందు ఫొటోలు దిగారు. ప్రసూనాంబ అందరి ముందూ కృపారాణి భుజం తట్టింది. ఆ సంబరంలో తేజస్వినికి మళ్లీ ఫోను చేయాలన్న సంగతి రేపటికి జరిగింది, ఆ రేపు ఎల్లుండికి జరిగింది, తర్వాత మరుగున పడిపోయింది.

దేవుడు ఇంకో అవకాశం కూడా ఇచ్చాడు. కొన్నాళ్లకు పుత్తూరు నుంచి రూతు అడిగింది.

"అక్కా, ఈమధ్య రింగులే రాలేదే? ఒక్కటన్నా పడలేదు."

కృపారాణికి తేజస్వినికి చేయాల్సిన ఫోను గుర్తొచ్చింది. కానీ చేతినిండా పని ఉంది, తప్పు ఒప్పుకోవడం కంటే జవాబు చెప్పడం సులభం. "ఇంకా రింగులేంది రూతూ, అందరికీ ఫ్రీ కాల్స్ వచ్చేసినాయి" అంది. నోటికి వచ్చిన జవాబునే తానూ నమ్మేసింది. ఎర్రలైటు లేదు కాబట్టి టీ వేళకు టీ తాగారు. ఎవరి ఫ్లాస్కూ చల్లారలేదు.

ఐరాల పక్క పాలు సేకరించే ఎల్లప్ప ఒకరోజు ఆఫీసుకు వచ్చాడు. కింద పని చూసుకుని, పలకరిద్దామని మిద్దెక్కాడు. మాటల మధ్య ఆ సంగతి దొర్లింది.

"మునిరత్నమ్మ పాలు పొయ్యడం మానేసిందమ్మా. ఆవు పోయింది గదా."

"బొట్టావా? ఏమైంది?"

"ఈనింది, ఈనినాక కూలబడింది. లెయ్యలేదు."

అది పాల జ్వరం. కృపారాణికి వినగానే తెలిసిపోయింది. ఈనిన ఆవు వంట్లో కాల్షియం ఒక్కసారిగా పడిపోతే వచ్చే జబ్బు. డాక్టరు పోయి నరానికి సీసా ఎక్కిస్తే చూస్తుండగానే లేచి నిలబడుతుంది. ఎన్ని ఆవులను అలా లేపించిందో ఆ గది! ఆలస్యమైతే మాత్రం చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టే.

"మాకు ఫోన్ చెయ్యలేదా ఆమె? చేసుంటే బండి పోయుండేదే."

ఎల్లప్ప విచిత్రంగా చూశాడు. "చేసిందంట గదమ్మా. రింగులిచ్చి రింగులిచ్చి సాలించుకునిందంట."

కృపారాణి లేచింది. పక్కకు పోయి తన సొంత ఫోను తీసింది. డెయిరీ నంబరు నొక్కి, ఒక్క రింగు వినబడగానే కట్ చేసి, ఫోనును అరచేతిలో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. సరిగ్గా ఊళ్లలో చెప్పినట్టే. స్క్రీను ఆకుపచ్చగా ఉంది. పిల్లలు పనిలో ఉన్నారు, మధ్యమధ్యలో నవ్వుకుంటున్నారు. ఒకమ్మాయి వచ్చి, "అక్కా, టీ" అని గ్లాసు పెట్టిపోయింది. కృపారాణి ఫోను వంకే చూస్తూ కూర్చుంది. టీ మీద మీగడ కట్టింది. ఫోను మోగలేదు.

ఆమె ఏడ్చింది. పిల్లలు హడలిపోయి చుట్టూ చేరారు. తేజస్వినికి ఫోను చేసి, ఆ సెట్టింగు తీసేయమని, ఆ రింగులన్నీ వెనక్కి తెప్పించమని బతిమాలింది.

"తీసేస్తానక్కా, నిమిషం పని. కానీ పోయినవి రావు. ఇప్పట్నుంచి వచ్చేవే కనబడతాయి" అంది తేజస్విని. ఆ అమ్మాయి గొంతు కూడా చిన్నబోయింది. "వాటెనక మనుషులు ఉండరని మీరే చెప్తిరి గదక్కా."

నిజమే కదా. పెట్టెదీ తప్పు కాదు, క్లౌడుదీ తప్పు కాదు. చెప్పినట్టు చేశాయి రెండూ.

మర్నాడు కృపారాణి ఐరాల బస్సెక్కింది. అక్కడి నుంచి ఆటో. దారంతా ఏం చెప్పాలో కూడగట్టుకుంటూ పోయింది. తిడుతుంది, తిట్టనీ. తిడితే కాళ్లు పట్టుకోవచ్చు. ప్రభువా, ఆమె గట్టిగా తిట్టేట్టు చెయ్యి అని ప్రార్థన చేసుకుంది.

ఇంటి ముందు ఆటో ఆగగానే మునిరత్నమ్మ చీపురు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. కృపారాణి రెండు చెంపలూ చేతుల్లోకి తీసుకుని, నుదురు తాకి చూసి, పక్కింటి వైపు తిరిగి గట్టిగా కేకేసింది.

"సంద్రకాంతమ్మో! పాప వచ్చిందే! బాగుండాదే!"

కృపారాణికి అర్థం కాలేదు. మునిరత్నమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, తానూ పక్కన కూలబడింది.

"తెల్లారి ఈనింది పాపా. పెయ్యదూడ. బాగానే నాకింది. పొద్దెక్కేసరికి కాళ్లు మడుసుకోని పడిపాయ. సెవులు పట్టుకోని సూస్తే సల్లగా ఉండాయి. నీకు రింగిస్తి. ఫోను సేతిలో పెట్టుకోని దాని తలకాడే కూసుంటి. రాలా. మళ్లా ఇస్తి. సంద్రకాంతమ్మ మొగుడు వాళ్ల ఫోను పనికి ఎత్తుకోని పోయినాడు. ప్రైవేటు డాక్టరు నంబరుండాది, నీ ఫోనియ్యి నేను పిలుస్తానని ఆయమ్మ వచ్చింది. నేనే ఇయ్యలా. వద్దు తల్లీ, పాప సేస్తాది, బిజీ వస్తే దొరకదు అంటి."

కృపారాణి తల దించుకుంది. ఆ మాట తనదే. అక్షరం పొల్లు పోలేదు.

"ఆవు పోయింది. సరే, దాని రుణం తీరిపాయ అనుకుంటి. ఆపైన నాకు ఇంకో దిగులు పట్టుకునింది. రింగిస్తే సెయ్యకుండా ఉండే మనిసివి కాదే నువ్వు? ఇన్నేండ్లలో ఎప్పుడన్నా సెయ్యకుండా ఉండావా? పాపకే ఏమో అయింటాది అనుకుంటి. నిద్ర పట్టలా. అప్పట్నుంచి రోజూ పొద్దున ఒక రింగిస్తా ఉండా. బాగుంటే సేస్తాది గదా అని. ఈపొద్దు ఊడ్సినాక ఇద్దామనుకుంటి. కాణిపాకం సామికి టెంకాయ మొక్కుకుంటి. మీ దేవునికి ఎట్ల మొక్కాల్నో నాకు తెలీదు, మా సామికే సెప్పుకుంటి. సాలు తల్లీ, కండ్లారా సూసినా."

రోజూ ఇచ్చిన రింగు. నిన్నటిదాకా ఇచ్చిన రింగు. అవీ ఆ ఆకుపచ్చ స్క్రీను వెనకే పోయాయి. కృపారాణి ఇక ఆగలేకపోయింది. ఆమె చేతులు పట్టుకుని చెప్పేసింది. గోడ మీద ఎరుపు, బ్యాంకువాళ్లు, ఒక్కరోజుకని పెట్టించి మరిచిపోవడం, రూతు అడిగితే చెప్పిన జవాబు, ఏదీ దాచలేదు.

"వాటెనక మనుషులెవురూ లేరని నేనే చెప్పినా పెద్దమ్మా. ఉత్త రింగులన్నా. నీ ఆవును నేనే చంపేసినా."

మునిరత్నమ్మ తలెత్తి చూసింది. ఎదురుగా కొట్టం కడిగి ఆరబెట్టినట్టు పొడిగా ఉంది. గుంజకు పలుపు అలాగే వేలాడుతోంది. దూడను చెల్లెలి ఇంటికి తోలేసిందట, ఇక్కడ దానికి పాలు లేక.

"అట్లనా" అంది చివరికి. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "మాటన్నా సెప్పుంటే కట్ సెయ్యకుండా మాట్లాడేదాన్ని గదా పాపా. ఆపొద్దు నా కాడ బ్యాలెన్సు ఉండె."

కృపారాణి వెక్కివెక్కి ఏడ్చింది. మునిరత్నమ్మ ఆమె వీపు నిమిరి, మోకాళ్లు పట్టుకుని లేచి, లోపలికి పోయింది. పొయ్యి వెలిగించిన చప్పుడు. గిన్నె పెట్టిన చప్పుడు. కాసేపటికి గ్లాసుతో తిరిగొచ్చింది. టీ పలచగా ఉంది. తలుపు సందులోంచి పొయ్యి గట్టు మీద, మూల కత్తిరించిన పాలపొట్లం కనబడింది. దాని మీద తమ డెయిరీ ముద్ర ఉంది.

"ఏమనుకోవద్దు పాపా, పాకెట్టు పాలు" అంది మునిరత్నమ్మ సిగ్గుపడుతూ. "అంగిట్లో కొనక్కొచ్చినా. మీవేలే."

కృపారాణి గ్లాసు అందుకుంది. ఎర్రలైటు ఆరేదాకా టీ ముట్టకూడదన్న కట్టుబాటు తాను పెట్టిందే. తాగకపోతే ఆమె నొచ్చుకుంటుంది. గుక్కగుక్కా మింగి గ్లాసు ఖాళీ చేసింది. మునిరత్నమ్మ ఎప్పటిలాగే ఇంకొంచెం పోద్దామని లోపలికి చూసి, పాకెట్టు అయిపోయిందని గుర్తొచ్చి, మళ్లీ కూర్చుంది.